మళ్ళీ ‘అ’ నుంచి

“మా ఆయన్ని బతికుండగా బయటికి తీసుకురా అన్నా. కేసు సంగతి తర్వాత చూసుకుందాం,” అంది కరీమున్.

బ్రాడీపేటలో నా ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. నేను తాళం తీస్తుంటే లేచి నిలబడింది. ఏడుపంతా రాత్రే అయిపోయినట్టుంది, గొంతులో తడి లేదు. ఆమె మొగుడు ఇమాం హుస్సేన్ ఆటో తోలుతాడు. నిన్న శుక్రవారం పొద్దున జయకుమారి అనే అమ్మాయి అతని ఆటో ఎక్కింది. ఆ తర్వాత ఎవరికీ కనపడలేదు. సాయంత్రం ఆటో సీటు కింద ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా దొరికింది. వెంటనే పోలీసులు ఇమాంని తీసుకెళ్ళి లోపలేశారు.

“స్టేషన్ గోడ పక్కన నిలబడ్డానన్నా. లోపల్నించి అరుపులు వినపడ్డాయి. కాసేపటికి అవి కూడా ఆగిపోయినై. అరిచినప్పుడే నయంగా ఉంది నాకు.”

నేను పోలీసు ఉద్యోగం వదిలేసి చాలా కాలమైంది. ఇప్పుడు నా బతుకు ఇన్సూరెన్సు కంపెనీ మీద. మిర్చి గోడౌనో పత్తి మిల్లో తగలబడితే, అది తగలబడిందా తగలబెట్టారా అని తేల్చి చెప్పడం ఈ గౌస్ బాషా పని. ఆటోవాళ్ళ గొడవలు నాకెందుకు అని పంపించేసేవాణ్ణే. కానీ జయకుమారి పేరు వినగానే కరీమున్‌ని లోపలికి పిలిచి కుర్చీ చూపించాను.

ఆ అమ్మాయి గురువారం సాయంత్రం ఇదే గదిలో, ఇదే కుర్చీలో కూర్చుంది. ఊరి చివరున్న కోల్డ్ స్టోరేజీలో గుమస్తా. కిందటి నెల కాలిపోయిన గోడౌన్ గురించి నేను ఊరంతా వాకబు చేస్తున్నానని తెలిసి వచ్చింది. “ఆ మిర్చి కాలలేదండీ. నాగలి గుర్తు వేసిన బస్తాలు మా మూడో గదిలోనే ఉన్నాయి. కాలింది ఎందుకూ పనికిరాని తాలు కాయలు. మీరొస్తే చూపిస్తాను,” అంది. కోల్డ్ స్టోరేజీలోకి ఊరికే జొరబడలేం, కంపెనీ కాగితం కావాలి. అందుకని మా బ్రాంచి ఆఫీసర్ రాధాకృష్ణమూర్తి గారొక్కరికే అంతా ఫోన్లో చెప్పాను. “శనివారం కాగితం ఇస్తాను, తొందరపడకు బాషా,” అన్నారాయన. ఆ శనివారం ఇదే.

“పద,” అన్నాను కరీమున్‌తో.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్ త్యాగరాజు, నేనూ ఒకే బ్యాచిలో చేరాం. ట్రైనింగులో పక్కపక్క మంచాలు. అప్పట్నుంచీ మా ఇద్దరికీ పడదు. నన్ను చూడగానే కుర్చీలో వెనక్కి వాలాడు.

“ఏం బాషా, మిరపకాయలు వదిలేసి మనుషుల మీద పడ్డావా?”

“ఇమాంతో మాట్లాడాలి.”

“మాట్లాడుకో. వాడు నోరు తెరిస్తే అబద్ధమే, విని తరించు.”

“ఏం అబద్ధమాడాడు?”

“కనకలక్ష్మి గారింట్లో శుక్రవారం శుక్రవారం ఆడవాళ్ళు అక్షరమాల పాడతారు, తెలుసుగా?”

తెలియకపోవడమేం? ఆ వీధిలో ఉన్నవాడెవడికైనా తెలుసు. దుర్గాంబ గారని రిటైరైన టీచరమ్మ అమ్మవారి మీద కట్టిన స్తోత్రమది. ఒక్కో అక్షరంతో ఒక్కో పద్యం మొదలవుతుంది. ‘అ’తో ఎత్తుకుని ‘క్ష’ దాకా వరస తప్పకుండా పోతారు. అచ్చులు దుర్గాంబ గారివి. ‘క’ వరస ఆ ఇంటావిడ కనకలక్ష్మి గారిది. ‘త’ వరస జయకుమారిది. ఇలా తలా ఒక వరస పంచుకున్నారు. డాబా మీద మైకు కట్టి ఉంటుంది, వినాలని ఉన్నా లేకపోయినా వీధంతా వింటుంది.

“నిన్న జయకుమారి తన ‘త’ వరస మైకులో పాడింది,” అన్నాడు త్యాగరాజు. “అక్కడున్న ఆడవాళ్ళంతా చెప్పారు. ఎదురు కిళ్ళీకొట్టువాడు విన్నాడు. పాడాకే ఆఫీసుకని బయటికొచ్చింది. మరి నీ ఇమాం ఏమంటున్నాడు? ఆ పిల్లని ఎక్కించుకుని వీధి మలుపు తిరుగుతుంటే మైకులో ‘క’ వరస వస్తోందంట. ఇప్పుడు చెప్పు. ‘క’ ముందా, ‘త’ ముందా?”

“‘క’ ముందు.”

“‘క’ దగ్గరే ఆటోలో ఉన్న పిల్ల, ‘త’ వచ్చేసరికి మైకు ముందు ఎలా కూర్చుంది? ఎగిరొచ్చిందా?”

“పొరపడి ఉంటాడు.”

“అదే అడిగా. పొరపాటేమోరా, సరిగ్గా గుర్తు తెచ్చుకో అన్నా. కాదంట, కనకలక్ష్మమ్మ గొంతేనంట. ఎంత తన్నినా అదే మాట. కోల్డ్ స్టోరేజీ గేటు దగ్గర దింపానంటాడు, అక్కడి మేనేజరేమో ఆ పిల్ల నిన్న రానేలేదంటాడు. ఒక అబద్ధం పట్టుకున్నాక రెండోదాని కోసం నేను వెతకాలా? ఆ పిల్ల శవం ఎక్కడ పడేశాడో వాడి చేతే చెప్పిస్తా.”

“బతికే ఉందేమో త్యాగరాజూ. నువ్వు తప్పు మనిషిని తన్నుతూ కూర్చుంటే అవతల ఆ పిల్ల ఊపిరి పోతుందేమో.”

“నువ్వు కోటు తొడుక్కున్న డిటెక్టివ్‌లా మాట్లాడకు. పది నిమిషాలిచ్చా, పో.”

నేను కోటే వేసుకోను. ఏప్రిల్ నెలలో గుంటూరులో కోటు వేసుకునేవాణ్ణి ముందు ఆసుపత్రిలో చూపించాలి.

ఇమాం గోడకి చేరగిలపడి ఉన్నాడు. ఎడమ కన్ను మూసుకుపోయింది. పెదవి చిట్లి రక్తం గడ్డకట్టింది. నన్ను చూసి లేవబోయి కూలబడ్డాడు. వెళ్ళి పక్కనే నేల మీద కూర్చున్నాను.

“నిన్న ఏం జరిగిందో మొదట్నించీ చెప్పు. వాళ్ళకి చెప్పినట్టు కాదు, నాకు చెప్పినట్టు చెప్పు.”

“ఏముందన్నా. శుక్రవారం శుక్రవారం ఆ పిల్లని నేనే తీసుకెళ్తా. ‘త’ వరస అయిపోయిందంటే బండి స్టార్ట్ చేసి పెడతా, తను పరిగెత్తుకొచ్చి ఎక్కుద్ది. నిన్న నా బండి ప్లగ్గు పోయింది. బాగు చేయించుకుని వచ్చేసరికి ఆలస్యమైంది. ఆ పిల్ల అప్పటికే అరుగు దగ్గర నిలబడి ఉంది. మలుపు తిరుగుతుంటే వినపడింది, ‘క’ వరస. ఇదేంటమ్మా, ఇంకా ‘క’ దగ్గరే ఉన్నారే, నువ్వు పాడకుండా వచ్చేశావా అన్నా.”

“ఏమంది?”

“ఏం చెప్పలా. నవ్వి ఊరుకుంది.”

“గేటు దగ్గర దింపావు. తర్వాత?”

“గేటు పక్కన తెల్ల కారు ఆగి ఉంది. అందులోంచి ఒకాయన దిగి ఆ పిల్లని పేరు పెట్టి పిలిచాడు. పెద్దమనిషిలా ఉన్నాడు. మళ్ళీ చూస్తే గుర్తుపడతానన్నా.”

“ఇది త్యాగరాజుకి చెప్పావా?”

“చెప్పా. దానికీ కొట్టాడు.” గొంతు బాగా తగ్గించి అడిగాడు. “అన్నా, ‘క’ కాదు ‘త’ అనే చెప్పెయ్యనా? అలా చెప్తే కొట్టడం ఆపుతారా?”

ఆ మాటకి నాకు దుఃఖం వచ్చింది, కోపమూ వచ్చింది. “చంపినా ఆ మాట మార్చకు,” అన్నాను. చెప్పడం తేలిక. దెబ్బలు తినేది నేను కాదు.

బయటికొచ్చేసరికి కరీమున్ కళ్ళతోనే అడిగింది. బతికే ఉన్నాడని చెప్పి కనకలక్ష్మి గారింటికి బయల్దేరాను.

వీధి గుమ్మం తీసే ఉంది. కనకలక్ష్మి గారు సంచిలో దుప్పటి, ఫ్లాస్కు సర్దుకుంటోంది. నలభై దాటిన మనిషి, రెండు రాత్రులుగా నిద్ర లేనట్టుంది. భర్తకి కడుపులో గడ్డ. ఆ రోజే ఆపరేషన్. నర్సింగ్ హోమ్ నుంచి స్నానానికి ఇంటికొచ్చి మళ్ళీ వెళ్ళబోతోంది. పక్కనే కుర్చీలో దుర్గాంబ గారు కూర్చుని ఉంది. డెబ్భై ఏళ్ళుంటాయి, ఇప్పటికీ క్లాసులో ఉన్నట్టే చూస్తుంది.

“నిన్న పోలీసులకి చెప్పిందే చెప్తున్నానయ్యా,” అంది దుర్గాంబ గారు నేను అడక్కముందే. “జయకుమారి ‘త’ వరస పాడింది. పాడి వెళ్ళిపోయింది.”

“మీరు ‘అ’ నుంచి ‘క్ష’ దాకా పూర్తిగా పాడారా?”

“పాడాం.”

“మధ్యలో ఎక్కడైనా ఆగారా?”

“అక్షరమాల మధ్యలో ఆపకూడదు.”

ఆపకూడదన్నది గానీ ఆపలేదనలేదు. ఇరవై ఏళ్ళు ఇదే పనిలో ఉన్నవాణ్ణి, అడిగినదానికి కాకుండా పక్కదానికి జవాబిచ్చేవాళ్ళని గుర్తుపట్టగలను.

“పూజ జరిగిన గది ఒక్కసారి చూడొచ్చామ్మా? గుమ్మం దాటను.”

కనకలక్ష్మి గారు పెద్దావిడ వైపు చూసింది. తర్వాత తలుపు తీసింది. ఆసుపత్రి చుట్టూ తిరగడంలో నిన్నటి పూజ సామాను తీసినట్టు లేదు. గది నిండా వాడిన పూల వాసన. నేను గుమ్మం దగ్గర వంగి చూస్తుంటే తలకేదో తగిలింది. చూస్తే గుమ్మానికి కట్టిన బంతిపూల దండ. దండ అనడానికి లేదు. ఆ చివరా ఈ చివరా నాలుగు పూలు, మధ్యంతా ఒట్టి దారం.

లోపల అమ్మవారి పటం చుట్టూ నందివర్ధనాలు గుండ్రంగా పేర్చి ఉన్నాయి. వాటి మీద మళ్ళీ బంతిపూలు, అదే వరసలో.

“అక్షరానికి ఒక పువ్వు పెడతారా అమ్మా?”

“ఆ, ఒక పద్యం అవగానే ఒక పువ్వు,” అంది కనకలక్ష్మి గారు.

“ఎవరు తెస్తారు?”

“మా పెరట్లోవేనండి. సరిపోయేన్ని ముందే కోసి బుట్టలో పెట్టుకుంటాను.”

“నందివర్ధనాలు సరిగ్గా సరిపోయాయి. మరి ఈ బంతిపూలెందుకు పెట్టారు? గుమ్మానికి కట్టిన పూలు తెంపి అమ్మవారికి పెట్టడం నేనెక్కడా చూడలేదమ్మా. చేతిలో పూలు అయిపోయి, ఇంక దిక్కు లేకపోతే తప్ప ఎవరూ ఆ పని చెయ్యరు.”

కనకలక్ష్మి గారు మళ్ళీ పెద్దావిడ వైపు చూసింది.

“మీరు నిన్న పాడింది ఒకసారి కాదు,” అన్నాను. “మధ్యలో ఆపి, మళ్ళీ మొదట్నించి పాడారు. ఎందుకు ఆపారమ్మా? దీపం ఆరిపోయిందా?”

కనకలక్ష్మి గారు రెండు చేతులతో చెవులు మూసుకుంది. దుర్గాంబ గారు కుర్చీలోంచి లేచింది.

“నోటికొచ్చినట్టు మాట్లాడకు. ఆ మాట ఈ ఇంట్లో అనకూడదు. అక్కడ దీని మొగుణ్ణి కోత బల్ల మీదికి ఎక్కిస్తున్నారు.”

“తప్పయిపోయింది, కొండెక్కిందనాలి. ఎప్పుడు కొండెక్కింది?”

“వెళ్ళవయ్యా బయటికి!”

“టీచరు గారూ,” అంది కనకలక్ష్మి గారు. అంత నీరసంగా ఉన్న మనిషి గొంతు ఎలా నిలబడిందో తెలియదు. “ఈయనకి చెప్తాను.”

మాట మాట కూడదీసుకుని చెప్పింది. ఈ శుక్రవారం అక్షరమాల ఆమె భర్త ఆపరేషన్ కోసం మొక్కుకుని పెట్టుకున్నది. జయకుమారి ‘త’ వరస అయిపోయింది. ‘ప’ వరస ఎత్తుకోగానే గాలి లేదు, ఏమీ లేదు, దీపం కొండెక్కింది. అందరి గుండెలూ గుభేలుమన్నాయి. దుర్గాంబ గారు మైకు ఆపించి దీపం మళ్ళీ వెలిగించింది, ఆ తర్వాతే మైకు పెట్టించింది. పద్ధతి ప్రకారం ఆగిన చోట నుంచి ఎత్తుకోకూడదు, మళ్ళీ ‘అ’ నుంచి రావాలి. జయకుమారికి ఆఫీసు టైమైపోయింది. “నీ వరస మేం పాడతాంలే, వెళ్ళు” అని పంపించారు. ఆ పిల్ల వెళ్ళేముందు అందరి చేతా ఒట్టు వేయించింది దుర్గాంబ గారు. అపశకునం సంగతి గడప దాటకూడదు, ఎవరడిగినా చెప్పకూడదు.

ఆ పిల్ల ఆటోలో నవ్వి ఊరుకున్నది అందుకే. ఒట్టు నిలబెట్టుకుంది.

“మరి వీధిలో ఒక్కడికైనా తెలియలేదా, రెండోసారి పాడుతున్నారని?” అన్నాను.

“శుక్రవారం శుక్రవారం వచ్చే పాటేగా, ఎవరు పట్టించుకుంటారు?” అంది కనకలక్ష్మి గారు.

“పట్టించుకున్నవాడు ఒకడున్నాడు. స్టేషన్లో తన్నులు తింటున్నాడు. ఈ ముక్క మీరొచ్చి ఇన్‌స్పెక్టర్‌కి చెప్పాలి. నేను చెప్తే నమ్మడు.”

“ఇప్పుడా?” అంది దుర్గాంబ గారు. “ఆపరేషన్ అయ్యేదాకా ఆగు. సాయంత్రానికి ఏ సంగతో తెలుస్తుంది. ఇప్పుడు బయటికి చెప్పి, రేపు ఏదైనా అయితే, దీని మొహం నువ్వు చూస్తావా?”

నాకు కోపం వచ్చింది. మర్యాదలు మర్చిపోయాను. “సాయంత్రానికి జయకుమారి ఉండకపోవచ్చు. ఇమాం కూడా ఉండకపోవచ్చు. ఆటోవాడు చెప్పింది నిజమైతే అబద్ధమాడింది మేనేజరు. అంటే ఆ పిల్ల కోల్డ్ స్టోరేజీ లోపలికెళ్ళి మళ్ళీ బయటికి రాలేదు. ఆ గదుల్లో చలికి ఎంతసేపు బతుకుతుందో మీరే చెప్పండి. స్టేషన్ బయట కరీమున్ అని ఒకావిడ నిలబడి ఉంది. ఆవిడకీ మొగుడే.”

కనకలక్ష్మి గారు గోడకానుకుని నిలబడింది. ఆవిడ ప్రాణం ఎంత కొట్టుకుంటోందో ఎదురుగా నిలబడ్డ నాకు తెలుస్తూనే ఉంది. అంత కఠినంగా అన్నందుకు నా మీద నాకే అసహ్యమేసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

ఆవిడ సంచి కింద పెట్టింది. చెప్పులేసుకుంది. “రిక్షా పిలవండి,” అంది.

త్యాగరాజు ఆవిడని చూసి లేచి నిలబడ్డాడు. “ఏమ్మా, ఆసుపత్రిలో ఉండాల్సిన టైములో ఇలా వచ్చారు?”

ఆవిడ కూర్చోలేదు. ఆయన మొహంలోకి సూటిగా చూసి చెప్పేసింది. “నిన్న దీపం ఆరిపోయింది బాబూ.”

కొండెక్కిందని కూడా అనలేదు. ఇంట్లో చెవులు మూసుకున్న మాటే అనేసింది. “‘త’ వరస అయ్యాక ఆరిపోయింది. మళ్ళీ ‘అ’ నుంచి పాడాం. జయకుమారి ఆటో ఎక్కినప్పుడు నేను పాడుతున్నది రెండోసారి ‘క’ వరస. ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. మేమే చెప్పాం.” అప్పుడు కుర్చీ కోసం తడుముకుని కూలబడిపోయింది.

త్యాగరాజు మొహం చూడాల్సిందే. “ఆరినప్పుడు ఏ వరస పాడుతున్నారు?” అన్నాడు నెమ్మదిగా.

“‘ప’ వరస. మీ అమ్మగారిది.”

అదీ సంగతి. ఈయనగారికంత ధీమా ఎందుకో అప్పుడర్థమైంది. సొంత తల్లినే అడిగి తెలుసుకున్నాడు. కంచంలో అన్నం వడ్డిస్తూ ఆ తల్లి ఒట్టు మాట దాచింది. ఆ అన్నం తినొచ్చి ఇమాంని తన్నాడు.

“జీపు తియ్యండి!” అని అరిచాడు.

“ఇమాం?” అన్నాను.

“ఆ పిల్ల అక్కడ దొరికితే ఫోన్ చేస్తా, హెడ్డు వదిలేస్తాడు. పూచీ ఎవరిస్తారో చూసుకో.”

స్టేషన్ ఫోన్లోనే రాధాకృష్ణమూర్తి గారికి చెప్పాను. ఆటోవాడు నిర్దోషి సార్, పూచీకి పెద్దమనుషులు కావాలి అన్నాను. గేటు దగ్గర కారులోంచి దిగినవాణ్ణి చూస్తే గుర్తుపడతానంటున్నాడు, వాడి సాక్ష్యం మనకే పనికొస్తుంది అని కూడా అన్నాను.

“పాపం, పేదవాడు,” అన్నారాయన. “ఇంకెవరో ఎందుకు, నేనే వస్తాను. నువ్వా అమ్మాయి సంగతి చూడు.”

ఆఫీసరై ఉండి ఆటోవాడి కోసం స్టేషన్‌కి రావడమంటే మాటలా? మనసులోనే దణ్ణం పెట్టుకుని జీపెక్కాను.

కోల్డ్ స్టోరేజీ మేనేజరు మమ్మల్ని చూడగానే చెమట తుడుచుకున్నాడు.

“మూడో గది తెరువు,” అన్నాడు త్యాగరాజు.

“దాంట్లో అమోనియా లీకవుతోందండీ. మనుషులు వెళ్తే ప్రమాదం.”

“లీకైతే నువ్విక్కడ హాయిగా టీ తాగుతున్నావేం?” అన్నాను.

“నువ్వు మాట్లాడకు బాషా, ఇది నా దర్యాప్తు,” అన్నాడు త్యాగరాజు. మరుక్షణం మేనేజరు చెంప ఛెళ్ళుమంది. ఒక్కోసారి ఆయన పద్ధతులు నాకూ నచ్చుతాయి.

బయట్నించి వేసిన గడియ తీసి తలుపు లాగారు. ఎండలోంచి వచ్చిన ఒంటికి ఆ చలి తగలగానే ఊపిరి ఆగినంత పనైంది. దానికి తోడు మిరప ఘాటు. కప్పుదాకా బస్తాలు. టార్చి వేస్తే మొదటి వరసలోనే కనపడింది, బస్తా మీద నాగలి గుర్తు. కాలి బూడిదైందని కంపెనీకి చెప్పిన సరుకంతా సుబ్బరంగా చలవ గదిలో పడుకుని ఉంది. కానీ అప్పుడు నాకా సరుకుతో పని లేదు.

“జయకుమారీ!” అని అరిచాను. జవాబు లేదు. త్యాగరాజు అరిచాడు. లేదు. ఇద్దరం దగ్గుతూ బస్తాల సందుల్లో పడి వెతికాం. పిలిచి పిలిచి నా గొంతు పోయింది. ఒక గంట ముందొచ్చి ఉంటేనో, పొద్దున్నే నేరుగా ఇక్కడికే వచ్చి ఉంటేనో అని ఒకటే బాధ.

“ఆగు,” అన్నాడు త్యాగరాజు. “నువ్వు దగ్గకు.”

నోరు మూసుకున్నాను. ఆయనా మూసుకున్నాడు. అయినా ఎవరో దగ్గారు. చిన్నగా, లోతులోంచి.

చివరి వరస వెనక, రెండు బస్తాల సందులో, ఖాళీ గోతాలన్నీ మీద కప్పుకుని ముడుచుకుని ఉంది. పెదాలు నల్లబడ్డాయి. వేళ్ళు కొంకర్లు పోయాయి. కళ్ళు మూసే ఉన్నాయి, పెదాలు మాత్రం ఆడుతున్నాయి. వంగి విన్నాను. “గడప గడపకీ గాజుల చప్పుడై రావమ్మా” అని, ఊపిరి కన్నా సన్నగా వస్తోంది. ‘గ’ పద్యం.

త్యాగరాజు ఆ పిల్లని రెండు చేతుల మీద ఎత్తుకుని ఎండలోకి పరిగెత్తాడు. ఆయన కళ్ళల్లో నీళ్ళు చూశాను. ఘాటు వల్ల కాదు. జీపు బానెట్ మీద కూర్చోబెట్టి అరచేతులు రుద్దాం. టీ కొంచెం కొంచెంగా పోశాం. ఆయన లోపలికెళ్ళి ఫోన్లో అరవడం వినపడింది. “దొరికింది, బతికే ఉంది. వాణ్ణి వదిలెయ్.”

కరీమున్ మొహం తలుచుకున్నాను.

కాసేపటికి జయకుమారి కళ్ళు తెరిచింది. “నిద్రపోతే చచ్చిపోతానని తెలుసండీ,” అంది. “పాడుతూనే ఉన్నా. కునుకు పట్టి ఎక్కడో తప్పిపోయేది. తప్పితే మళ్ళీ ‘అ’ నుంచి రావాలిగా. అలా ఎన్నిసార్లొచ్చానో...”

“మాట్లాడకమ్మా. ఒక్కటే చెప్పు. గేటు దగ్గర కారులోంచి దిగింది ఎవరు?”

“నాకు తెలీదండీ. ఎప్పుడూ చూడలేదు.”

“మరి తెలియని మనిషితో ఆ గదిలోకి ఎందుకెళ్ళావు?”

ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది. “మీరే పంపించారన్నాడుగా? ‘గౌస్ బాషా నాకంతా చెప్పాడు, ఆ నాగలి గుర్తు బస్తాలు నాకు చూపించమ్మా’ అన్నాడు. మీ పేరు చెప్పాడు కాబట్టే వెళ్ళాను. చూపిస్తుంటే వెనక తలుపు పడింది.”

ఎండ మండిపోతోంది. నాకు మాత్రం ఆ గదిలో చలి మళ్ళీ ఒంట్లోకి పాకింది. నాగలి గుర్తు సంగతి నేను చెప్పింది ఒక్కడికే.

ఆఫీసు గదిలోకి పరిగెత్తి స్టేషన్‌కి ఫోన్ కలిపాను. “ఇమాంని పంపొద్దు! నేను వచ్చేదాకా ఎవరికీ అప్పగించొద్దు!”

“ఇప్పుడే వెళ్ళాడు సార్,” అన్నాడు హెడ్ కానిస్టేబులు. “మీ ఆఫీసర్ గారే సంతకం పెట్టి తన కారులో తీసుకెళ్ళారు. అతని భార్య ఇక్కడే ఉంది, మీతో మాట్లాడాలని గొడవ చేస్తోంది. ఇస్తున్నా ఉండండి.”

కరీమున్‌కి ఫోన్లో మాట్లాడడం అలవాటు లేదు, గట్టిగా అరుస్తోంది. పొద్దున్నుంచీ ఆమె గొంతులో లేని తడి ఇప్పుడొచ్చింది.

“అన్నా! నీ పిల్లాపాపా చల్లగుండాలన్నా! మీ పెద్దసారు దేవుడన్నా. ముందు ఆసుపత్రిలో చూపించి తీసుకొస్తా, నువ్వింటికెళ్ళి అన్నం వండి పెట్టమ్మా అన్నాడు. మా ఆయనే పిచ్చోడు. కారు దగ్గరికొచ్చాక ఆ సారుని చూసి ఆగిపోయాడు. ఎక్కనంటాడు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదల్లా. దెబ్బలు తిన్న మనిషి కదా, పెద్దోళ్ళని చూసి భయపడ్డాడులే అని నేనే సర్దిచెప్పి, చెయ్యి విడిపించుకుని, లోపలికి ఎక్కించి తలుపేశా. అన్నా? వినపడతాందా? అన్నా, మాట్లాడవేం?”